లేని మనిషికి సమాధి: ద హైవ్స్ 2023 ఆల్బమ్

రాండీ ఫిట్జ్‌సిమన్స్ అనే మనిషిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. స్వీడన్‌కు చెందిన ద హైవ్స్ అనే పంక్ రాక్ బృందం మాత్రం, 1993లో తమ అయిదుగురికీ విడివిడిగా ఉత్తరాలు రాసి ఒకచోటికి చేర్చినది ఆయనేననీ, తమ పాటలన్నీ రాసి బాణీలు కట్టేది కూడా ఆయనేననీ మొదటి నుంచీ చెప్పుకుంటూ వస్తోంది. ఆల్బమ్‌ల మీద రచయితగా ఆయన పేరే అచ్చవుతుంది. బ్రిటన్ సంగీత పత్రిక ఎన్ఎంఈ ఒకప్పుడు ఆరా తీసి, ఆ పేరు ఈ బృందంలో గిటార్ వాయించే నిక్లాస్ ఆల్మ్‌క్విస్ట్ నమోదు చేయించుకున్న మారుపేరని రాసింది. బృందం ఆ మాటను ఒప్పుకోలేదు. జంటకవులు ఇద్దరూ ఒకే పేరుతో రాయడం, మగవారు ఆడపేరుతో నవలలు రాయడం మనకు కొత్త కాదు గానీ, ఒక మారుపేరును ముప్పై ఏళ్లపాటు ముఖంలో నవ్వు కనిపించనీయకుండా మోసుకొచ్చిన వారిని నేను మరొకచోట చూడలేదు.

చివరికి ఆ రాండీగారు కాలం చేశారట. తమ ఊరి పత్రికలో ఆయన మరణవార్త కనిపించిందనీ, సమాధి దగ్గరకు వెళ్లి తవ్వి చూస్తే మనిషి లేడనీ, పాటల టేపులూ, కొత్త సూట్లూ, ఒక శీర్షిక రాసి ఉన్న కాగితమూ మాత్రం దొరికాయనీ బృందం చెప్పిన కథ. ఆ కాగితం మీది మాటే ఈ ఆల్బమ్ పేరు: ద డెత్ ఆఫ్ రాండీ ఫిట్జ్‌సిమన్స్. 2023 ఆగస్టు 11న బృందం సొంత సంస్థ డిస్క్ హైవ్స్ ద్వారా విడుదలైంది. 2012లో వచ్చిన లెక్స్ హైవ్స్ తరువాత పదకొండేళ్లకు వచ్చిన ఈ ఆల్బమ్‌లో పన్నెండు పాటలున్నాయి. అన్నీ కలిపి ముప్పై ఒక్క నిమిషాల పైన కొద్ది సెకన్లు. ఏడాదికి మూడు నిమిషాల లెక్కన కూడా గిట్టలేదని ఒక మిత్రుడు అన్నాడు. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్న చాలామంది తెలుగువారిలాగే నేనూ రోజూ మెట్రో రైలెక్కి ఊరికి ఆ చివరనున్న ఆఫీసుల పేటకు వెళ్తాను. ఆ పేటను మనవాళ్లందరూ కిస్టా అంటారు, ఇక్కడివారు షిస్టా అని పలుకుతారు. టీ-సెంట్రాలెన్ అనే కేంద్ర మెట్రో స్టేషన్‌లో దిగి నీలం లైనులోకి మారే సమయంతో కలిపి నా ప్రయాణం అరగంట పైచిలుకు. ఇంటి దగ్గరి స్టేషన్‌లో తలుపు మూసుకున్నప్పుడు మొదటి పాట పెడితే, షిస్టాలో దిగి ఎస్కలేటర్ ఎక్కే సమయానికి పన్నెండో పాట ముగుస్తుంది. మూడు వారాలపాటు ఈ ఆల్బమ్‌ను రానుపోను అలాగే విన్నాను. మొదటి వారం చివరికి, రైలు మారేటప్పుడు నా నడక వేగం మామూలుకంటే పెరిగిందని గమనించాను. ముందు నడుస్తున్న ముసలాయన ఒకరు పక్కకు తప్పుకుని దారి ఇచ్చేసరికి సిగ్గు వేసింది కూడా.

ఈ బృందాన్ని అర్థం చేసుకోవాలంటే వారి ఊరిని కొంచెమైనా చూడాలి. ఫాగెర్‌స్టా స్టాక్‌హోమ్‌కు వాయవ్యంగా, ఇనుప గనుల ప్రాంతంలో ఉన్న ఉక్కు ఊరు. మునిసిపాలిటీ మొత్తం జనాభా పదమూడు వేలకు అటూ ఇటూ. ఆ మునిసిపాలిటీ పరిధిలోనే ఉన్న ఎంగెల్స్‌బెర్గ్ పాత ఇనుప కార్ఖానాను 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ బృందం తమ పుట్టుకకు చెప్పుకునే సంవత్సరం కూడా అదే కావడం కాకతాళీయమే. ఒక శనివారం వెస్టెరోస్‌లో రైలు మారి అక్కడికి వెళ్లాను. కాలువ, దాని ఒడ్డున కార్ఖానా గోడలు, ఎర్ర రంగు వేసిన చెక్క ఇళ్లు, మధ్యాహ్నానికే ఖాళీ అయిన బజారు: పదహారేళ్ల కుర్రవాడికి అక్కడ చేయడానికి ఏమీ లేదనిపించడానికి పది నిమిషాలు చాలు. అయితే అక్కడ ఒకటి ఉంది, అది మన చిన్న ఊళ్లలో లేనిది. స్వీడన్‌లో మునిసిపాలిటీలు పిల్లలకు చవకగా సంగీతం నేర్పే బడులు నడుపుతాయి; వయోజన విద్య కోసం పుట్టిన అధ్యయన సంఘాలు కుర్రకారు బృందాలకు సాధన గదులూ, కొంత సొమ్మూ సమకూరుస్తాయి. విసుగు ఎంత కావాలంటే అంత, దానితోపాటు తాళం చెవి ఉన్న ఒక గది, ఆ గదిలో ఒక డ్రమ్ సెట్టు. స్వీడన్ చిన్న ఊళ్ల నుంచి ఇన్ని రాక్ బృందాలు ఎందుకు వచ్చాయో అడిగేవారికి నేను చెప్పే జవాబు ఇదే.

ఆ గదులలో ఒకదాని నుంచి వచ్చిన ఈ అయిదుగురు, 1997లో మొదటి ఆల్బమ్, 2000లో వెనీ విడీ విషస్ అనే రెండో ఆల్బమ్ తెచ్చారు. రెండూ ఎరెబ్రూ నగరానికి చెందిన బర్నింగ్ హార్ట్ సంస్థ ద్వారానే వచ్చాయి. రెండోదే వారిని ప్రపంచానికి పరిచయం చేసింది. అమెరికాలో ద స్ట్రోక్స్, ద వైట్ స్ట్రైప్స్ బృందాల పక్కన వీరి పేరు కూడా చేర్చి, 1960ల నాటి ముతక గిటార్ సంగీతమైన గరాజ్ రాక్ మళ్లీ బతికిందని పత్రికలు రాశాయి. 2004లో టైరనోసారస్ హైవ్స్ వచ్చింది. యంత్రం తిరిగినట్టు లెక్క తప్పకుండా సాగే ఆల్బమ్ అది, నా వరకు వారి పనిలో అత్యుత్తమం. 2007 నాటి ద బ్లాక్ అండ్ వైట్ ఆల్బమ్‌లో ఫారెల్ విలియమ్స్ వంటి బయటి నిర్మాతలను పిలిచి నాలుగు దిక్కులకూ పరుగెత్తారు, ఏ దిక్కునా పూర్తిగా చేరలేదు. లెక్స్ హైవ్స్ తామే నిర్మించుకున్నారు. అందులో అలసట వినిపిస్తుంది. ఆ తరువాత 2013లో పాత బేస్ వాద్యకారుడు తప్పుకోగా, యోహాన్ గుస్తాఫ్‌సన్ చేరాడు. బృందంలో ప్రతివారికీ ఒక రంగస్థలనామం ఉన్నందున ఈయన ద యోహాన్ అండ్ ఓన్లీ అయ్యాడు. ఈయన అంతకు ముందు పనిచేసిన పంక్ బృందం పేరు రాండీ కావడం మాత్రం ఎవరూ కల్పించిన హాస్యం కాదు.

ఇక ఆల్బమ్‌లోకి వద్దాం. మొదటి పాట బోగస్ ఆపరాండై. ఎత్తుగడలో ఒక్క గిటార్ మాత్రం, తొందర లేకుండా, అరచేత్తో తీగను నొక్కిపట్టి కొట్టే బరువైన దెబ్బలతో వస్తుంది. ఎప్పుడైనా బృందం అంతా విరుచుకుపడుతుందని వినేవారికి తెలుసు. ఆ సంగతి వినేవారికి తెలుసునని వాయించేవారికీ తెలుసు. అందుకే వారు ఆపుతారు. ఒక చిన్న నిశ్శబ్దం, మళ్లీ అదే దెబ్బ, మళ్లీ ఆగడం. తరువాత గాయకుడు పెల్లె ఆల్మ్‌క్విస్ట్ గొంతు చించుకుని ఒక కేక పెడతాడు, డ్రమ్స్, రెండో గిటార్, బేస్ అన్నీ ఒకే క్షణంలో దిగుతాయి. పదకొండేళ్లు ఎదురుచూసినవారిని మరికొన్ని సెకన్లు ఎదురుచూడనివ్వడంలో ఉన్న కొంటెతనమే ఈ బృందం అసలు స్వభావం. ఆస్ట్రేలియాకు చెందిన ఏసీ/డీసీ బృందం వాసన ఈ పాటలో స్పష్టంగా ఉంది. దానిని దాచే ప్రయత్నం కూడా చేయలేదు. నలభై ఐదేళ్ల వయసులో ఆ కేక అంత శుభ్రంగా రావడం వెనక ఎంత సాధన ఉందో, పాడేవారికి అర్థమవుతుంది.

ఆ పాట తరువాత ఊపిరి తీసుకుందామనుకుంటే ట్రాప్‌డోర్ సొల్యూషన్ వస్తుంది, నిమిషం దాటిన కొద్ది సెకన్లకే వెళ్లిపోతుంది. అంత వేగంలోనూ మాట మింగబడదు, డ్రమ్ దెబ్బ తడబడదు. చాలా హార్డ్‌కోర్ పంక్ రికార్డులలో వేగం అనేది లోపాలను కప్పే దుప్పటి. ఇక్కడ క్రిస్ డేంజరస్ అనే రంగస్థలనామం గల డ్రమ్మర్ ప్రతి దెబ్బనూ విడిగా లెక్కపెట్టుకోగలిగేటట్టు వాయించాడు. మూడో పాట కౌంట్‌డౌన్ టు షట్‌డౌన్ బేస్ గిటార్‌తో మొదలవుతుంది. కొత్తగా వచ్చిన మనిషికి ముందు నిలబడే అవకాశం ఇచ్చినట్టున్న ఆ ఎత్తుగడ ఆల్బమ్ మొత్తంలో నా చెవిని ఎక్కువగా పట్టుకున్న చోటు. ఎగిరెగిరి పడే ఒక చిన్న బేస్ వరుస, దాని మీద చప్పట్లకు పనికివచ్చే తాళం, ఆపైన రెండు గిటార్లు ఒకదాని ఖాళీలో మరొకటి దూరుతూ పల్లవిని పైకెత్తడం. రైలు ప్రయాణంలో ఈ పాట దగ్గరకు వచ్చేసరికి నా బొటనవేలు వెనక్కి తిప్పే బటన్ మీదకు తనంతట తానే వెళ్లేది.

నాలుగో పాట రిగర్ మార్టిస్ రేడియో గురించి చెప్పాలంటే నా సొంత గోడు కొంత చెప్పుకోవాలి. ఈ ఆల్బమ్‌ను ఎల్పీ రూపంలో కూడా కొన్నాను. తెప్పించిన దుకాణం పేరు ఇక్కడ అనవసరం. పెట్టె విప్పి చూస్తే అట్ట పై మూల మడత పడింది, రికార్డు అంచు ఒకవైపు పైకి లేచి ఉంది. తిరుగుతున్నప్పుడు ముల్లు పడవ మీద కూర్చున్నట్టు లేస్తూ దిగుతూ ఉంటుంది. ఫోటోలు జతచేసి మర్యాదగా ఒక ఈమెయిలు రాశాను, పది రోజులాగి ఇంకొకటి రాశాను. జవాబు లేదు. ఈ పాటలో గాయకుడు తనకు ఎవరో పంపిన ఈమెయిళ్లు అందాయని చెబుతూ, ఎంతో తాపీగా, తాళానికి సరిగ్గా, డిలీట్ మీద డిలీట్ నొక్కుతాడు. ముందు నవ్వాను, తరువాత ఆ దుకాణంలో కూడా ఎవరో ఇదే తాళంలో నొక్కుతున్నారేమోనని అనుమానం వచ్చింది. పాట విషయానికి వస్తే, వేగం తగ్గించి, నడకలో ఒక ఒయ్యారం పెట్టి, కోపం అక్కర్లేని అహంకారాన్ని పలికించడంలో ఇది గొప్పగా కుదిరింది. ఎదుటివారిని తిట్టడం కంటే వారి ఉత్తరం చదవకపోవడం పెద్ద అవమానమని తెలిసినవారు రాసిన పాట.

స్టిక్ అప్‌లో వేగం ఇంకా తగ్గుతుంది. పాత కాలపు నాటకశాలలో ప్రతినాయకుడు తెర వెనక నుంచి ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చినట్టుగా ఉంటుంది. గాయకుడు ఇక్కడ పాడుతున్నాడనడం కంటే నటిస్తున్నాడనాలి, అది ఈ పాటకు మేలే చేసింది. స్మోక్ అండ్ మిర్రర్స్ అమెరికా రమోన్స్ బృందం పద్ధతిలో తీయటి బాణీని గరుకు గిటార్ మీద పెట్టి పాడిన పాట. పంక్ అంటే అరుపులేనని భయపడే బంధువులెవరికైనా వినిపించాలంటే నేను దీనినే వినిపిస్తాను. క్రాష్ ఇన్‌టు ద వీకెండ్‌లో 1950ల నాటి రాకబిలీ గంతులున్నాయి. శుక్రవారం సాయంత్రం తిరుగు ప్రయాణంలో దీనిని వినడానికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

ఇంతవరకూ ఎక్కడా పట్టు సడలని ఆల్బమ్ ఇక్కడి నుంచి కొంచెం జారుతుంది. టూ కైండ్స్ ఆఫ్ ట్రబుల్ చెడ్డ పాట కాదు, అయితే ఇదే బృందం ఇంతకు ముందు ఇదే పనిని ఇంతకంటే పదునుగా చేసింది. ద వే ద స్టోరీ గోస్‌లో చీకటి వాతావరణం ఒకటి కట్టడానికి ప్రయత్నించారు. వాతావరణం కుదిరింది, దానిలో జరగవలసినది మాత్రం జరగలేదు. ఈ రెండు పాటలూ పక్కపక్కన ఉండడం వల్ల ఆ ఆరేడు నిమిషాలు అసలు కంటే పొడుగ్గా అనిపిస్తాయి. వీటిలో ఒకదానిని తీసివేసి, మరొకదానిని ముందుకు జరిపి ఉంటే ఆల్బమ్ ఇరవై ఎనిమిది నిమిషాలకు దిగి మరింత బిగువుగా ఉండేదని నా నమ్మకం.

ద బాంబ్ ఆ మందకొడితనాన్ని తుడిచేస్తుంది. ఒకరు అడగడం, మిగిలినవారు కలిసి జవాబు చెప్పడం, అదే ప్రశ్నను తిరగేసి అడిగితే అదే జవాబును తిరగేసి చెప్పడం: పాటంతా ఇంతే. పిల్లలు వీధిలో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడుకునే పాటలకు దీనికీ తేడా విద్యుత్ గిటార్ మాత్రమే. ఇంత వెర్రి సాహిత్యాన్ని ఇంత క్రమశిక్షణతో వాయించినప్పుడు పుట్టే హాస్యం, హాస్యం కోసమే రాసిన సాహిత్యంలో పుట్టదు. దాని తరువాతి వాట్ డిడ్ ఐ ఎవర్ డూ టు యూ ఆల్బమ్‌లో ఎవరి జట్టులోనూ చేరని పాట. మనిషి కొట్టినట్టు కాక యంత్రం కొట్టినట్టు వినిపించే తాళం, దాని మీద ఒక్కడే అన్నీ వాయించుకుంటూ కూర్చున్నట్టుండే గిటార్, నిష్ఠూరమాడే గొంతు. మొదటి రెండుసార్లు దీనిని దాటవేశాను. ఇప్పుడు కౌంట్‌డౌన్ టు షట్‌డౌన్ తరువాత నాకు నచ్చిన పాట ఇదే. ఎప్పుడూ గుంపుగా మీద పడే బృందంలో ఒక్కరు వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నట్టుండే ఆ కొద్ది నిమిషాలు, తక్కిన పాటల గోలకు విలువ పెంచుతాయి. ఆఖరి పాట స్టెప్ అవుట్ ఆఫ్ ద వే ఒకటిన్నర నిమిషం అటూ ఇటూగా ఉండే పరుగు. ముగింపు అనదగిన సన్నాహం ఏదీ లేకుండా ముగుస్తుంది.

ధ్వని గురించి రెండు మాటలు. నిర్మాత పాట్రిక్ బెర్గెర్ పేరు పంక్ అభిమానులకు కంటే పాప్ అభిమానులకు ఎక్కువ పరిచయం. స్వీడన్ గాయని రాబిన్‌కు 2010లో ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చిన డాన్స్ పాటకు ఆమెతో కలిసి రచన చేసినవాడు ఈయనే. అలాంటి చేయి పడితే గిటార్ల గరుకుదనం పోతుందేమోనని భయపడ్డాను గానీ, జరిగింది వేరు. ఆయన గరుకుదనాన్ని అలాగే ఉంచి, దాని చుట్టూ ఉన్న అనవసరమైన వస్తువులను తీసివేశాడు. చాలా పాటలలో ఒక క్షణంలో ఎన్ని వాద్యాలు మోగుతున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గాత్రం చుట్టూ పాత టెలిఫోన్‌లో వినిపించే గరగర కొంచెం ఉంటుంది, మాట మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. సోలో పేరుతో గిటార్ తన విద్య ప్రదర్శించే చోట్లు దాదాపు లేవు. నా ఫిర్యాదు ఒక్కటే: మొత్తం ధ్వని మట్టం చాలా ఎత్తున పెట్టారు. మెల్లగా ఉండవలసిన చోట్లు కూడా గట్టిగానే ఉండడం వల్ల హెడ్‌ఫోన్‌లో వరుసగా రెండుసార్లు వింటే చెవి అలసిపోతుంది. బోగస్ ఆపరాండై ఎత్తుగడలోని నిశ్శబ్దం అంతగా పనిచేయడానికి కారణం, ఆల్బమ్‌లో అలాంటి నిశ్శబ్దాలు అరుదు కావడమే.

పాటల శీర్షికలలో ఈ బృందానికి ఉన్న లాటిన్ పిచ్చి ఇక్కడ కూడా కనిపిస్తుంది. వెనీ విడీ విషస్, లెక్స్ హైవ్స్ అని ఆల్బమ్‌లకే పేర్లు పెట్టినవారు కదా. పని చేసే తీరును చెప్పే మోడస్ ఆపరాండై అనే మాట బోగస్ అయింది, శవం బిగుసుకుపోవడాన్ని చెప్పే వైద్యపదం రేడియో స్టేషన్ అయింది. వాడుక తెలుగులో మాట్లాడుతూ మధ్యలో ఒక పెద్ద సంస్కృత సమాసాన్ని ఠీవిగా దింపి ఎదుటివారిని నవ్వించే మనిషి మన ప్రతి ఊళ్లోనూ ఒకడు ఉంటాడు. ఈ అయిదుగురూ ఆ జాతివారే. ఇంగ్లీషు వీరి మాతృభాష కాకపోవడం కూడా ఈ పనికి కలిసివచ్చిందనుకుంటాను. పుట్టి పెరిగిన భాషలో మనం గమనించకుండా దాటిపోయే నుడికారాన్ని, నేర్చుకున్నవాడు ఆటబొమ్మలా విప్పి చూస్తాడు.

ఇక్కడే నాకున్న పెద్ద అసంతృప్తి. సమాధి, మరణవార్త, దొరికిన టేపులు అని ఇంత కథ కట్టి, ఆల్బమ్ పేరుగా పెట్టి, చివరికి పాటలలో ఆ కథను దాదాపు వదిలేశారు. శీర్షికలలో శవమూ, బాంబూ ఉన్నాయి. రాండీ మాత్రం లేడు. అతని గురించి ఒక్క శోకగీతమైనా, పోనీ శోకగీతాన్ని వెక్కిరించే పాటైనా ఉంటుందని ఆశించాను. ముప్పై ఏళ్లుగా తమ పేరుకు బదులు ఇంకొకరి పేరు వేసుకున్నవారు ఆ మనిషిని పాతిపెట్టినప్పుడు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. అయితే ఈ అసంతృప్తి కూడా మూడో వారానికి కొంత మెత్తబడింది. రాండీ చనిపోయాడని పాటలలో చెప్పి ఉంటే, పాట రాస్తున్నది ఎవరన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చేది. టేపులు అతనివే కాబట్టి, చనిపోయినవాడు తన చావు గురించి ఎలా రాస్తాడని వారు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఒక అబద్ధాన్ని ఇంత తర్కబద్ధంగా కాపాడుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇది పంక్ కాదనేవారు స్వీడన్‌లోనే ఉన్నారు. ఇక్కడ పంక్ అంటే చాలామందికి ముందు గుర్తుకు వచ్చేది 1977లో స్టాక్‌హోమ్ శివారు రోగ్‌స్వెద్‌లో పుట్టిన ఎబ్బా గ్రోన్ బృందం. వారు స్వీడిష్‌లో పాడారు, రాజ్యాన్నీ పోలీసునూ డబ్బునూ పేరుపెట్టి నిలదీశారు. 1990లలో ఉత్తరాన ఉమెయో నుంచి వచ్చిన రిఫ్యూజ్డ్ బృందం రాజకీయాన్ని ఇంకా సూటిగా పాడింది. వారి పక్కన నిలబెట్టి చూస్తే, ఇస్త్రీ నలగని నలుపు తెలుపు సూట్లు వేసుకుని, ప్రపంచంలో తమంత గొప్ప బృందం లేదని ప్రతి ప్రదర్శనలో చెప్పుకునే ఈ అయిదుగురు వేషగాళ్లలా కనిపించడం సహజమే. నా అభిప్రాయం వేరు. పెల్లె ఆల్మ్‌క్విస్ట్ ప్రదర్శనల వీడియోలు చూసినప్పుడు నాకు మన పద్యనాటకం గుర్తుకు వస్తుంది. పద్యం ముగించి, రాగం చివర గాలిలో వేలాడదీసి, వన్స్ మోర్ అనేదాకా కదలకుండా నిలబడే నటుడు ఉంటాడు. చప్పట్లు చాలకపోతే అలిగినట్టు చూస్తాడు. చప్పట్లు మోగితే ఇవి నాకు రావలసినవేనన్నట్టు తల పంకిస్తాడు. పెల్లె అదే చేస్తాడు, ఇంకా ముందుకు వెళ్లి ఎవరెప్పుడు చప్పట్లు కొట్టాలో, ఎప్పుడు కూర్చోవాలో ఆజ్ఞాపిస్తాడు. ఉక్కు ఊరి కార్మికుల పిల్లలు జమీందార్ల దర్పాన్ని అరువు తెచ్చుకుని ఆడించడంలో, నినాదం లేకపోయినా, ఒక వెక్కిరింత ఉంది. ఆ దర్పం నిలబడాలంటే వాయిద్యం తప్పకూడదు, అందుకే అది తప్పదు. 2023 వేసవిలో ఇంగ్లీషు రాక్ బృందం ఆర్కిటిక్ మంకీస్‌కు ముందు బ్రిటన్ స్టేడియాలలో వాయించినప్పుడు కూడా, ముఖ్య ప్రదర్శన తమదేనన్న ధోరణిలోనే వాయించారు.

ఈ బృందాన్ని ఇంతకు ముందు విననివారు దేనితో మొదలుపెట్టాలని అడిగితే, ఈ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టమంటాను, తరువాత 2004 నాటి దానికి వెళ్లమంటాను. పాత అభిమానులు వెనీ విడీ విషస్ నాటి ఆకలిని ఇందులో వెతకకూడదు. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు వాయించిన దానిలో ఉన్న ప్రమాదం నలభై అయిదేళ్లవారి వాయిద్యంలో ఉండదు, దాని స్థానంలో గురి ఉంటుంది. పన్నెండులో తొమ్మిది పాటలను నేను మళ్లీ మళ్లీ వింటాను, ఒకటి ఎప్పుడో ఒకసారి, రెండింటిని దాటవేస్తాను. సాహిత్యంలో భావుకత, గిటార్‌లో సుదీర్ఘ విహారాలు కోరుకునేవారికి ఇది పనికిరాదు. వంటింట్లో పని చేసుకుంటూ వినేవారికి కూడా నేను సిఫారసు చేయను; రెండో పాట దగ్గర కూర మాడుతుంది.

ఏ రూపంలో కొనాలన్నది మిగిలింది. ఎల్పీ అట్ట గట్టిగా ఉంది, గోడకు ఆనించి పెడితే గదికి అందం. అంచు లేచిన రికార్డులో ఎక్కువ దెబ్బతినేది బయటి అంచు దగ్గరి గాడులే కనుక, నా ప్రతిలో తొలి పాట ఎత్తుగడ గాలికి ఊగుతున్నట్టు వినిపించి, లోపలికి పోయేకొద్దీ సర్దుకుంటుంది. అందువల్ల అంత బాగా లెక్కపెట్టి ఉంచిన ఆ నిశ్శబ్దం నాకు ఫోన్‌లో మాత్రమే సరిగ్గా వినిపిస్తోంది. కొనేవారు దుకాణానికి స్వయంగా వెళ్లి, అట్టలో నుంచి తీయించి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూసి కొనుక్కోవడం మంచిది. నేను మూడో ఈమెయిలు ఇంకా రాయలేదు.